కుళాయి నీటిలో క్లోరోఫాం ఎక్కడి నుండి వస్తుంది?

జలాశయం నుండో నది నుండో తెచ్చి, క్లోరిన్‌తో శుద్ధి చేసి, మన ఇళ్లకు పంపే నీటిలో ఎంతో కొంత క్లోరోఫాం ఉంటుంది. దాన్ని ఎవరూ కలపలేదు, ఏ కర్మాగారం నుండో కారి రాలేదు. సూక్ష్మజీవులను చంపడానికి వేసిన క్లోరిన్, ఆ నీటిలో అప్పటికే కరిగి ఉన్న ఆకుల సారంతోనూ మట్టి సారంతోనూ చర్య జరిపినప్పుడు అది పుడుతుంది. దానితో పాటు పుట్టే పదార్థాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. నీటిని క్రిమిరహితం చేసే రకరకాల పద్ధతుల వల్ల ఏర్పడే ఇటువంటి ఉపఉత్పన్నాలను శాస్త్రజ్ఞులు ఇప్పటికి 700కు పైగా గుర్తించారు.

ఈ విషయం రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. విశాఖపట్నంలో ఇంటర్మీడియెట్ పిల్లలకు రసాయన శాస్త్రం చెబుతూ బతికినదాన్ని కావడం వల్ల, నీటి గురించి ఏ సందేహం వచ్చినా మా అపార్ట్‌మెంటులో వాళ్లు నన్నే అడుగుతారు. ఆ మధ్య మా పై అంతస్తు వదినగారు ఫోనులో వచ్చిన ఏదో సందేశం చూపించి, “క్లోరిన్ వేసిన నీళ్లు తాగితే క్యాన్సరు వస్తుందట కదండీ, మన సంపులో వేయడం మానిపించేద్దామా?” అని అడిగారు. ఆవిడ అడిగినది పనికిమాలిన ప్రశ్న కాదు. ఆ సందేశంలో కొంత నిజం ఉంది. ఆ నిజానికి దాని చుట్టూ ఉండవలసిన వివరాలేవీ లేకపోవడమే ప్రమాదకరం. “మానిపించవద్దండీ, ఎందుకో నెమ్మదిగా చెబుతాను” అన్నాను. ఆవిడకు చెప్పినదాన్నే ఇక్కడ ఇంకొంచెం విపులంగా రాస్తున్నాను.

మొదట క్లోరిన్ చేసే పని చూద్దాం. క్లోరిన్ వాయువును నీటిలోకి పంపినా, బ్లీచింగ్ పౌడర్ కలిపినా, హైపోక్లోరైట్ ద్రావణం పోసినా చివరికి నీటిలో ఏర్పడేది హైపోక్లోరస్ ఆమ్లం. సూక్ష్మజీవులను చంపేది ప్రధానంగా ఇదే. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే సంఖ్య) 7.5 దగ్గర ఇందులో సగం హైపోక్లోరైట్ అయానుగా మారిపోతుంది, ఆ అయాను క్రిములపై చాలా బలహీనంగా పనిచేస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పీహెచ్ 8 కంటే తక్కువగా ఉన్న నీటిలో కనీసం 30 నిమిషాలు క్లోరిన్ నిలిచిన తరువాత లీటరుకు 0.5 మిల్లీగ్రాము స్వేచ్ఛా క్లోరిన్ (అంటే ఇంకా దేనితోనూ కలవని క్లోరిన్) మిగిలి ఉండాలని చెబుతుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 మామూలు పరిస్థితిలో మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము ఉండాలనీ, వైరస్‌ల నుండి రక్షణ అవసరమైన చోట 0.5 ఉండాలనీ అంటుంది.

ఆ హైపోక్లోరస్ ఆమ్లానికి బ్యాక్టీరియా ఏదో, కుళ్లిన ఆకు నుండి ఊరిన రసం ఏదో తేడా తెలియదు. ఎలక్ట్రాన్లు ఇవ్వగల పదార్థం ఏది ఎదురైనా దానితో చర్య జరుపుతుంది. అడవిలో రాలిన ఆకులు, చెట్ల బెరడు, గడ్డి నేలమీద కుళ్లి, ఏళ్ల తరబడి మట్టిలో కలిసి హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలు అనే పెద్ద పెద్ద అణువులుగా మారతాయి. తొలకరి వానలకు గెడ్డల్లో పారే నీటికి తేనీటి రంగు తెచ్చిపెట్టేవి ఇవే. వీటిలో హైడ్రాక్సిల్ సమూహాలు తగిలి ఉన్న బెంజీన్ వలయాలు చాలా ఉంటాయి. క్లోరిన్ ముందు ఆ వలయం మీద అతుక్కుంటుంది, తరువాత వలయం తెగుతుంది, తెగిన కొసలో ఒకే కార్బన్ మీద మూడు క్లోరిన్లు చేరి, చివరకు ఆ ముక్క క్లోరోఫాంగా ఊడి బయటపడుతుంది. ఇంటర్మీడియెట్ చదివినవారికి హాలోఫాం చర్య గుర్తుండే ఉంటుంది. ప్రయోగశాలలో పసుపుపచ్చని అవక్షేపాన్నీ, ఆసుపత్రి వాసననూ ఇచ్చే అయొడోఫాం పరీక్షకు ఇది దగ్గరి బంధువు. ఆ చర్యకు క్షారం కావాలని పిల్లలకు చెబుతాం కదా, ఇక్కడా అంతే: పీహెచ్ పెరిగేకొద్దీ క్లోరోఫాం జాతి పదార్థాలు ఎక్కువగా ఏర్పడతాయి. పీహెచ్ తగ్గితే అవి తగ్గి, హాలోఅసిటిక్ ఆమ్లాలనే ఇంకొక కుటుంబం పెరుగుతుంది. రెండింటినీ ఒకేసారి పీహెచ్‌తోనే అదుపు చేయడం సాధ్యం కాదు.

ఈ సంగతి 1970లలో గానీ ప్రపంచానికి తెలియలేదు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగర నీటి సంస్థలో పనిచేసిన యోహానెస్ రూక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, ముడి నీటిలో లేని క్లోరోఫాం శుద్ధి చేసిన నీటిలో కనిపిస్తోందనీ, నీటికి సహజంగా రంగునిచ్చే పదార్థాలతో క్లోరిన్ కలిసినప్పుడే అది ఏర్పడుతోందనీ 1974లో ప్రకటించాడు. ఆయనకు అంతకు ముందు బీరు పరిశ్రమలో పనిచేసిన అనుభవం ఉంది. పానీయం మీద నిలిచే ఆవిరిని సేకరించి అందులోని సువాసన పదార్థాలను గుర్తించే పద్ధతినే ఆయన తాగునీటికి వాడాడు. ఒక పరిశ్రమలో రుచి కోసం నేర్చుకున్న పద్ధతి కోట్ల మంది తాగే నీటి రహస్యాన్ని బయటపెట్టడం నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషం కలిగిస్తుంది. అదే ఏడాది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకు చెందిన బెల్లర్, లిక్టెన్‌బర్గ్, క్రోనర్ అనే ముగ్గురు స్వతంత్రంగా ఇదే ఫలితాన్ని చూపారు. 1976లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ, ఎక్కువ మోతాదులో ఇచ్చిన క్లోరోఫాం ఎలుకలకూ చుంచెలుకలకూ క్యాన్సరు కలిగించిందని ప్రకటించింది. 1979లో ఆ దేశం నాలుగు రకాల ట్రైహాలోమీథేన్ల (అంటే క్లోరోఫాం జాతి పదార్థాల) మొత్తానికి లీటరుకు 100 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది. 1998లో ఆ పరిమితిని 80కి తగ్గించి, ఐదు హాలోఅసిటిక్ ఆమ్లాల మొత్తానికి 60 అనే హద్దు కూడా చేర్చింది.

ఒకప్పుడు ఈ క్లోరోఫాం ప్రాణదాత. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ దాన్ని మత్తుమందుగా వాడడం మొదలుపెట్టాక, దాని భద్రతపై తర్జనభర్జనలు జరిగి, నిజాం ఆర్థిక సహాయంతో 1888, 1889లలో హైదరాబాదులో రెండు క్లోరోఫాం కమిషన్లు ప్రయోగాలు చేశాయి. అప్పటి మోతాదులు గ్రాములలో ఉండేవి. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నది గ్రాములో పదిలక్షలవ వంతుల గురించి.

నాలుగు ట్రైహాలోమీథేన్లు అన్నాను: క్లోరోఫాం, బ్రోమోడైక్లోరోమీథేన్, డైబ్రోమోక్లోరోమీథేన్, బ్రోమోఫాం. ఐఎస్ 10500 లీటరుకు క్లోరోఫాంకు 0.2 మిల్లీగ్రాము, బ్రోమోడైక్లోరోమీథేన్‌కు 0.06, మిగిలిన రెండింటికీ 0.1 చొప్పున హద్దు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువలు కూడా దాదాపు ఇవే, క్లోరోఫాంకు మాత్రం అది 0.3 వరకు అనుమతిస్తుంది. ఆ సంస్థ చెప్పిన ఇంకొక నియమాన్ని చాలామంది గమనించరు: నాలుగూ ఒక్కొక్కటిగా హద్దులో ఉన్నా సరిపోదు, ఒక్కొక్కదాన్ని దాని హద్దుతో భాగించి, వచ్చిన నాలుగు భిన్నాలనూ కూడితే మొత్తం ఒకటికి మించరాదు. మన ప్రమాణంలో హాలోఅసిటిక్ ఆమ్లాలకు హద్దే లేదు. ఇది తీర్చవలసిన లోటని నా అభిప్రాయం.

ఈ పేర్లలో బ్రోమిన్ ఎక్కడి నుండి వచ్చింది? మనం వేసేది క్లోరిన్ కదా అని మా విద్యార్థులు కూడా అడిగేవారు. విశాఖవాసులు ముఖ్యంగా పట్టించుకోవలసిన చోటు ఇదే. నీటిలో కొద్దిపాటి బ్రోమైడ్ (లవణాల రూపంలో ఉండే బ్రోమిన్) ఉన్నా, హైపోక్లోరస్ ఆమ్లం దాన్ని హైపోబ్రోమస్ ఆమ్లంగా మార్చేస్తుంది. ఈ రెండో ఆమ్లం ఆకుల సారంతో మొదటిదానికంటే చాలా వేగంగా చర్య జరుపుతుంది. అందువల్ల బ్రోమైడ్ పాళ్లు కొంచెం పెరిగినా, తయారయ్యే పదార్థాలలో బ్రోమిన్ ఉన్నవాటి వాటా అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. బ్రోమిన్ పరమాణువు క్లోరిన్ కంటే రెండు రెట్లకు పైగా బరువైనది కనుక, అన్నే అణువులు ఏర్పడినా మైక్రోగ్రాముల లెక్క పైకి పోతుంది. జీవకణాల మీద జరిపిన ప్రయోగాలలో బ్రోమిన్ గల ఉపఉత్పన్నాలు సాధారణంగా అటువంటివే అయిన క్లోరిన్ పదార్థాల కంటే ఎక్కువ హాని చేసేవిగా కనిపించాయి.

బ్రోమైడ్‌కు అతి పెద్ద నిలయం సముద్రం. లీటరు సముద్రపు నీటిలో సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్, 19 గ్రాముల క్లోరైడ్ ఉంటాయి. తీరానికి దగ్గరలో బోర్లు లోతుకు దించి, వానలు నింపేదాని కంటే ఎక్కువ తోడుకుంటూ పోతే, ఉప్పునీరు నేల అడుగు పొరల గుండా లోపలికి చొచ్చుకు వస్తుంది. బీచ్‌కు దగ్గర్లో ఉన్న కాలనీలలో బోరు నీళ్లు ఉప్పగా మారాయన్న మాట మన ఊళ్లో కొత్త కాదు. ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. మంచి భూగర్భజలంలోకి సముద్రపు నీరు నూటికి ఒక వంతు చేరిందనుకుందాం. క్లోరైడ్ లీటరుకు 190 మిల్లీగ్రాములు పెరుగుతుంది. నాలుకకు ఉప్పదనం స్పష్టంగా తెలియడానికి దాదాపు 250 కావాలి కనుక, తాగేవారికి అనుమానం రాకపోవచ్చు. కానీ బ్రోమైడ్ లీటరుకు 650 మైక్రోగ్రాములు పెరుగుతుంది. సముద్రంతో సంబంధం లేని మామూలు నదుల నీటిలో సాధారణంగా ఇది పదుల మైక్రోగ్రాములలో ఉంటుంది. నాలుక పసిగట్టలేని కలగలుపు క్లోరిన్‌కు మాత్రం బాగా తెలుస్తుంది. మన అపార్ట్‌మెంట్లలో కార్పొరేషన్ నీరు చాలనప్పుడు బోరు నీటిని అదే సంపులోకి మళ్లించి, పైన బ్లీచింగ్ వేసేస్తారు. జలాశయం నుండి వచ్చిన ఆకుల సారమూ, బోరు నుండి వచ్చిన బ్రోమైడూ, చేత్తో అంచనాగా వేసిన క్లోరినూ ఆ సంపులో కలుసుకుంటాయి. తీరం దగ్గర ఉన్నవారికి నేను గట్టిగా చెప్పేది ఒకటే: తాగడానికీ వంటకూ వాడే నీటిని బోరు నీటితో కలపకుండా వేరే ట్యాంకులో ఉంచుకోండి. కొత్తగా కట్టే భవనాలలో దీనికి పెద్ద ఖర్చు కూడా కాదు.

నగరానికి వచ్చే ముడి నీటి సంగతి. కంబాలకొండ పక్కనున్న ముడసర్లోవ, గంభీరం, మేఘాద్రిగెడ్డ జలాశయాలు, గోస్తనీ నది మీది తాటిపూడి, శారదా నది మీది రైవాడ, దాదాపు 150 కిలోమీటర్లు తెరిచిన కాలువలో ప్రయాణించి వచ్చే ఏలేరు నీరు: ఇవన్నీ మన గొంతు తడుపుతున్నవే. గోస్తనీ, శారదా నదులు తూర్పు కనుమల అడవి కొండల్లో పుడతాయి. అడవి ఉంటేనే నీరు ఉంటుంది, ఆ అడవి రాల్చే ఆకుల సారం కూడా నీటితో పాటే వస్తుంది. వేసవిలో జలాశయం మట్టం తగ్గి, నీరు వెచ్చబడి, నాచు పెరిగితే అదీ క్లోరిన్‌కు మేతే. తొలకరిలో మొదటి వరద పొలాలనూ వాగులనూ కడుక్కుంటూ వచ్చినప్పుడు నీటి రంగు మారుతుంది, ఆ రోజుల్లో క్లోరిన్ ఎక్కువ కలపవలసి వస్తుంది, అదే రోజుల్లో ఉపఉత్పన్నాలూ ఎక్కువ ఏర్పడే అవకాశం ఉంటుంది. పైగా మన నీటికి ఎప్పుడూ వెచ్చదనమే. చలి దేశాలలో పది డిగ్రీల దగ్గర నెమ్మదిగా సాగే చర్య, ఇక్కడ ముప్పై డిగ్రీల దగ్గర చకచకా సాగిపోతుంది. మే నెలలో డాబా మీది నల్లని ప్లాస్టిక్ ట్యాంకులో పగలంతా కాగిన నీటి గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇంత చెప్పాక, అయితే క్లోరిన్ మానేయవచ్చు కదా అనే ప్రశ్న మళ్లీ వస్తుంది. మానేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. 2024 అక్టోబరులో పక్కనే విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. కలుషిత నీటి వల్ల వచ్చే జబ్బు గంటల్లో, రోజుల్లో మనిషిని పడగొడుతుంది, పసిపిల్లల విషయంలో అసలు వ్యవధే ఇవ్వదు. ఉపఉత్పన్నాల వల్ల ఉన్నదని అనుమానిస్తున్న ముప్పు దశాబ్దాల తరబడి తాగిన మీదట, ఎంతోమందిలో కొద్దిమందికి రాగలది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. 1991లో పెరూ దేశంలో కలరా వచ్చి, ఒక్క ఆ ఏడాదే 3 లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు. ఉపఉత్పన్నాల భయంతో అక్కడి అధికారులు క్లోరిన్ మానేయడం వల్లే అలా జరిగిందని ఒక కథనం ప్రపంచమంతా తిరిగింది. తరువాత దాన్ని పరిశీలించినవారు, అక్కడ చాలాచోట్ల సరైన క్లోరిన్ ఏర్పాట్లే మొదటి నుండి లేవనీ, భయం కంటే పేదరికమూ పాడుబడిన గొట్టాలూ పెద్ద కారణాలనీ చెప్పారు. ఆ కథనాన్ని రుజువుగా ఎవరైనా చూపితే నేను ఒప్పుకోను. అయితే క్లోరిన్ లేని నీరు ఎంత వేగంగా ఊళ్లను చుట్టుముట్టగలదో ఆ కలరా చూపిందన్నది నిజం.

క్యాన్సరు విషయంలో తెలిసినది ఇది. దశాబ్దాలుగా ఐరోపా, ఉత్తర అమెరికా దేశాలలో జరిగిన పరిశీలనల్లో, ట్రైహాలోమీథేన్లు ఎక్కువగా ఉన్న నీటిని చాలా ఏళ్లు వాడినవారిలో మూత్రాశయ క్యాన్సరు కొంత ఎక్కువగా కనిపించింది. 2020లో ప్రచురితమైన ఒక ఐరోపా అధ్యయనం, ఆ ఖండంలోని 26 దేశాలలో వచ్చే మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు 5 శాతాన్ని వీటికి ఆపాదించవచ్చునని అంచనా వేసింది. ఆ కారణం ట్రైహాలోమీథేన్లేనా, లేక వాటితో పాటే పుట్టే వేరే పదార్థాలా అన్నది తేలలేదు. వందలాది పదార్థాలలో సులువుగా కొలవగలిగినవి కనుక ఇవి సూచికలుగా నిలిచాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్లోరోఫాంను మనుషులకు క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్నది అనే 2బి వర్గంలో ఉంచింది, క్లోరిన్ కలిపిన తాగునీటిని మాత్రం 1991లో, నిర్ణయించడానికి ఆధారాలు చాలని 3వ వర్గంలో చేర్చింది. పొగాకు మూత్రాశయ క్యాన్సరుకు ఇంతకంటే ఎంతో పెద్ద కారణమని ఈ సందర్భంలో చెప్పకపోతే అన్యాయమవుతుంది.

క్లోరిన్ బదులు ఇంకొకటి వాడితే? ఓజోన్ వాడితే ట్రైహాలోమీథేన్లు తగ్గుతాయి, కానీ నీటిలో బ్రోమైడ్ ఉంటే బ్రోమేట్ తయారవుతుంది. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములే. సీసా నీళ్లను ఆఖరున ఓజోన్‌తో శుద్ధి చేయడం మన దేశంలో మామూలే కనుక, టిన్ను నీళ్లు కొనుక్కున్నంత మాత్రాన ఈ సమస్య నుండి బయటపడ్డామని అనుకోవడానికి లేదు. క్లోరిన్ డయాక్సైడ్ వాడితే క్లోరైట్ వస్తుంది. అతినీలలోహిత కిరణాలు దాదాపు ఏ ఉపఉత్పన్నమూ మిగల్చవు, అలాగే నీటిలో ఏ రక్షణనూ మిగల్చవు. క్లోరిన్‌కు అమ్మోనియా జతచేసి క్లోరమిన్‌గా పంపితే ట్రైహాలోమీథేన్లు బాగా తగ్గుతాయి గానీ, నైట్రోసోడైమిథైలమిన్ అనే ఇంకో ఉపఉత్పన్నం బెడద మొదలవుతుంది. 2000 సంవత్సరం నవంబరులో వాషింగ్టన్ నగరం ఉపఉత్పన్నాలు తగ్గించాలనే ఉద్దేశంతోనే క్లోరమిన్‌కు మారింది. గొట్టాల లోపలి గోడలకు పట్టిన పొరలు ఆ మార్పుతో కరిగి, పాత సీసపు గొట్టాల నుండి సీసం నీటిలోకి దిగింది. చివరికి ఉపఉత్పన్నాల కంటే పెద్ద హాని పిల్లలకు జరిగింది. హైపోక్లోరైట్ ద్రావణాన్ని ఎండలో నెలల తరబడి నిల్వ ఉంచితే అది క్లోరేట్‌గా మారుతుందనీ, చంపే శక్తి తగ్గి ఉపఉత్పన్నం పెరుగుతుందనీ వాచ్‌మన్‌లకూ సంఘం కార్యదర్శులకూ కచ్చితంగా చెప్పాలి. దాన్ని చల్లని చీకటి గదిలో ఉంచి, తక్కువ తక్కువగా కొనుక్కోవడమే మందు.

రూక్ పనిచేసిన దేశం మాత్రం ఈ చిక్కుముడిని వేరేలా విప్పింది. నెదర్లాండ్స్‌లో ఇప్పుడు కుళాయి నీరు మిగులు క్లోరిన్ లేకుండానే ఇళ్లకు వెళుతుంది. వారు ముందు నీటిలోని సేంద్రియ పదార్థాన్ని బాగా తీసివేస్తారు, గొట్టాలలో రాత్రీపగలూ ఒత్తిడి తగ్గనివ్వరు, కారుడు దాదాపు లేకుండా చూస్తారు. మనకు నీరు రోజులో కొద్దిసేపే వస్తుంది. నీరు ఆగిన తరువాత గొట్టంలో ఒత్తిడి పడిపోయి, పగుళ్ల గుండా పక్కనున్న మురుగుకాలువ నీరు లోపలికి పీల్చుకోబడుతుంది. ఆ క్షణంలో మనకు కాపలాగా ఉండేది లీటరుకు అర మిల్లీగ్రాము కూడా లేని ఆ మిగులు క్లోరినే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద విరుచుకుపడి, కరెంటు పోయి, నీటి సరఫరా ఆగి, ట్యాంకర్ల ముందు బిందెలు పట్టుకుని నిలబడిన రోజులు చూసినవారెవరూ ఆ కాపలాను తేలిగ్గా వదులుకోరు.

కాబట్టి తగ్గించవలసినది క్లోరిన్ పడకముందే నీటిలో ఉన్న ఆకుల సారాన్ని. ఇది మనకు కొత్త ఆలోచన కాదు. బురద నీటి బిందెలో చిల్లగింజను అరగదీసి కలిపి, తేరిన పైనీటిని వంచుకోవడం మన పెద్దలకు తెలుసు. నీటి శుద్ధి కేంద్రంలో పటిక చేసే పని కూడా అదే సూత్రం మీద నడుస్తుంది: ఒకదాన్నొకటి వికర్షించుకుంటూ తేలియాడే సూక్ష్మకణాల విద్యుదావేశాన్ని తటస్థం చేసి, వాటిని గుంపులుగా కూర్చి అడుగుకు దించడం. పటిక మోతాదును కేవలం బురద తేరడానికి సరిపోయేంతగా కాక, పీహెచ్‌ను కొంచెం తగ్గించి సేంద్రియ కర్బనం కూడా వీలైనంత దిగేలా నిర్ణయిస్తే, పెద్ద యంత్రాలేవీ కొనకుండానే ఉపఉత్పన్నాలు చెప్పుకోదగ్గంత తగ్గుతాయి. రెండో మార్గం క్లోరిన్ వేసే చోటును మార్చడం. ముడి నీటిలోనే ముందుగా క్లోరిన్ కలిపితే నాచు పట్టదు, గొట్టాలు శుభ్రంగా ఉంటాయి, కానీ ఆకుల సారం అంతా ఉన్న నీటిలో క్లోరిన్ పడినట్లవుతుంది. ప్రధానమైన క్లోరిన్‌ను తేర్చి వడపోసిన తరువాతే వేస్తే, అదే క్రిమి రక్షణకు తక్కువ క్లోరిన్ చాలుతుంది. మూడోది, ఉత్తేజిత కర్బనపు పొరల గుండా నీటిని పంపడం. ఇది ఖర్చుతో కూడినది, సమయానికి కర్బనాన్ని మార్చకపోతే పనికిరానిది. నా ఓటు మొదటి రెండింటికే. వీటన్నిటికీ ముందు జలాశయాల చుట్టూ ఉన్న పరీవాహక ప్రాంతాన్ని కాపాడుకోవాలి. నగరం మేఘాద్రిగెడ్డనూ ముడసర్లోవనూ చుట్టుముడుతున్నకొద్దీ, ఆకుల సారానికి మురుగునీటి నత్రజని కూడా తోడైతే పుట్టే నత్రజని ఉపఉత్పన్నాలు ట్రైహాలోమీథేన్ల కంటే విషపూరితమైనవి.

ఇంట్లో చేసుకోగల పనులు కొన్ని ఉన్నాయి. క్లోరోఫాం 61 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కనుక, మూత తీసి నీటిని కాసేపు తెర్లనిస్తే ట్రైహాలోమీథేన్లలో చాలా భాగం గాలిలోకి పోతాయి. అప్పుడు వంటగది కిటికీ తెరిచి ఉంచాలి. హాలోఅసిటిక్ ఆమ్లాలు అలా పోవు. గోడకు తగిలించుకునే శుద్ధి యంత్రంలో ఆర్‌ఓ పొర చాలా లవణాలను ఆపుతుంది గానీ, క్లోరోఫాం వంటి చిన్న అణువులను ఆపడంలో బలహీనమైనది. ఆ పని చేసేది దాని ముందున్న కర్బనపు గొట్టమే. కనుక పొర మార్చడం మీద పెట్టే శ్రద్ధ కర్బనం మార్చడం మీదా పెట్టండి. ఆ యంత్రం నుండి వచ్చిన నీటిలో క్లోరిన్ మిగలదు, కాబట్టి దాన్ని బిందెలో రెండు మూడు రోజులు నిల్వ చేయడం క్షేమం కాదు. ఈ పదార్థాలు తాగడం వల్లనే కాక ఊపిరి ద్వారా, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి చేరతాయి. తలుపులు బిగించిన స్నానాల గదిలో చాలాసేపు వేడినీటి షవరు కింద నిలబడడం కంటే కిటికీ తెరిచి బకెట్‌తో పోసుకునే స్నానమే మంచిది. కుళాయి తిప్పగానే ముక్కు మండించే ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని అందరూ అనుకుంటారు. నీటిలో అమ్మోనియా ఉండి, దానికి సరిపడా క్లోరిన్ పడనప్పుడు ఏర్పడే క్లోరమిన్ల వాసన కూడా అలాగే ఉంటుంది. ముక్కును నమ్మకుండా, నీటిలోని క్లోరిన్‌ను కొలిచే క్లోరోస్కోప్ అనే చిన్న పరికరంతో కొలిపించుకోవాలి.

సంపులో బ్లీచింగ్ వేసే విషయంలో వదినగారికి చెప్పిన లెక్క ఇది: మంచి బ్లీచింగ్ పౌడర్ 1000 లీటర్లకు రెండున్నర గ్రాములు వేస్తే లీటరుకు సుమారు 0.7 మిల్లీగ్రాము క్లోరిన్ పడుతుంది. గంట ఆగి కొలిస్తే 0.2కూ 0.5కూ మధ్య మిగిలి ఉండాలి. కార్పొరేషన్ నీటిలో అప్పటికే అంత ఉంటే ఇంకేమీ వేయనక్కరలేదు. గుప్పెళ్లతో వేయడం మానేయాలి. సంపునూ ట్యాంకునూ కడిగి, అడుగున పేరుకున్న బురదను తీసేస్తే, క్లోరిన్ ఆ బురద మీద ఖర్చు కాదు, ఉపఉత్పన్నాలూ తగ్గుతాయి. మా అపార్ట్‌మెంటులో ఇప్పుడు కొలవకుండా వేయడం లేదు.

ఇక నగరం చేయవలసినది ఒకటుంది. మన నీటిలో మిగులు క్లోరిన్‌నూ కోలిఫాం బ్యాక్టీరియానూ పరీక్షించినట్టే, నాలుగు ట్రైహాలోమీథేన్లనూ, వాటితో పాటు ముడి నీటి సేంద్రియ కర్బనాన్నీ బ్రోమైడ్‌నూ మూడు నెలలకొకసారి కొలిచి, ఏ జలాశయం నీరు ఏ వార్డుకు వెళుతోందో ఆ వివరంతో సహా ప్రజలందరూ చూసేలా ప్రకటించాలని నేను కోరుతున్నాను. దీనికి కావలసిన, ఇటువంటి పదార్థాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ యంత్రాలూ, వాటిని నడపగల చదువుకున్న పిల్లలూ ఈ ఊరి కళాశాలల్లో ఉన్నారు. నమూనాలు శుద్ధి కేంద్రం గుమ్మం దగ్గర తీస్తే చాలదు. క్లోరిన్, ఆకుల సారం ఎక్కువసేపు కలిసి ఉండేది గొట్టాల చివర కనుక, నీరు ఆలస్యంగా చేరే కొండవాలు కాలనీల కుళాయిల దగ్గర, తొలకరి వరద వచ్చిన వారంలో, మే నెల మధ్యాహ్నాల్లో కూడా తీయాలి.